ఆరు గంటల డ్యూటీ

కోటు లోపలి జేబులో ఉన్నది కాగితమే, ఇనపరేకు కాదు, అయినా క్లెమ్ ఓల్డ్‌రాయిడ్ ఎటు ఒరిగినా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. గుచ్చుకోనీ. సంతకం పెట్టిన చేతికి లేని నొప్పి పక్కటెముకలకెందుకట. తొమ్మిదింటికి సంతకం పెట్టాడు, ఇప్పుడు పదీ ఇరవై, పదకొండుంబావుకి టీ విరామం, ఆ విరామంలో ఈ కవరు తీసుకెళ్లి విల్ఫ్ ట్యాటర్సల్ చేతిలో పెట్టాలి, ముప్ఫై ఆరేళ్లుగా ఆల్డర్‌షా సింఫనీ ఆర్కెస్ట్రాలో కోర్ ఆంగ్లే ఊదుతున్న విల్ఫ్‌కి, రిటైరవడానికి ఇంకా రెండేళ్లున్న విల్ఫ్‌కి, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదని చెప్పాలి, చెప్పి చేయి కలపాలి, కలిపి నవ్వాలి, చీఫ్ ఎగ్జిక్యూటివ్ అన్నాక నవ్వాలి కదా, ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని చేస్తున్న పని అదే కదా. పదిహేనువందల సీట్ల హాల్లో ఏడో వరస చివర ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా వేదిక మీద ఎనభైమంది, కోట్లు విప్పకుండానే, రాత్రి కచేరీకి ఆఖరి రిహార్సల్ చేస్తున్నారు. కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు గదా, ఇతనికి నెత్తయితే మండుతోంది గాని అరికాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, ఫిబ్రవరి కదా, యార్క్‌షైర్ కదా, ఈ హాలు కట్టినవాళ్లు చర్చి కట్టబోయి సగంలో మనసు మార్చుకున్నవాళ్లు కదా, అనుకున్నాడు, అనుకుని మళ్లీ కోపం దగ్గరికే వచ్చి కూర్చున్నాడు, ఎందుకంటే ఈ హాల్లో వెచ్చగా ఉన్నది అదొక్కటే.

అదిగో ఎత్తుపీట మీద నిలబడి సన్నకర్రతో గాలిని ముక్కలు కోస్తున్నాడు కండక్టర్ వాలెంటిన్ ఆస్టర్‌మన్, ముప్ఫై ఏడేళ్లు, మూడు దేశాల్లో మూడు ఆర్కెస్ట్రాలు, ఏ ఊళ్లోనూ నాలుగోరోజు కనిపించడు, విమానం దిగేటప్పుడు గుడ్ మార్నింగ్ మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు మళ్లీ విమానం ఎక్కేస్తాడు, మెడకి రెండు చుట్లు ఉన్ని మఫ్లరు, చేతులకి వేళ్లు లేని తొడుగులు, సోకు, అంతా సోకు. పోయినేడు కాక అంతకుముందేడు నవంబరులో ఒక ఉత్తరం, మొన్న డిసెంబరులో ఒకటి, జనవరిలో ఇంకొకటి, మూడూ ఒకే మాట, ఆ ముసలాయన్ని తీసెయ్యండి. గదిలోకొచ్చి మరీ అన్నాడు: “మిస్టర్ ఓల్డ్‌రాయిడ్, మీ కోర్ ఆంగ్లే శ్రుతికి కింద పలుకుతోంది. ఒకసారైతే పొరపాటంటాం. ప్రతిసారీ అయితే ముసలితనం అంటాం.” “ముప్ఫై ఆరేళ్లుగా ఉన్నాడండీ ఆయన...” అనబోతే, “ముప్ఫై ఆరేళ్ల నాటి పాలు మీరు తాగుతారా?” అన్నాడు. ఆ మాటకి జవాబు ఇప్పుడు తడుతోంది, అప్పుడు తట్టలేదు, జవాబులకో జబ్బుంది, బస్సు వెళ్లిపోయాక స్టాపుకొస్తాయి. జున్ను అని ఒకటుంటుందయ్యా, ఏళ్లు గడిచేకొద్దీ దానికి ధర పెరుగుతుంది, మీ ఊళ్లో లేదా, అనాల్సింది. అనలేదు. బోర్డు మీటింగులో ఛైర్మన్ సర్ గైల్స్ బిస్కట్టు ముంచుకుంటూ, “మంచి గడియారం ఒకటి ఇచ్చి పంపిద్దాం క్లెమెంట్, పాపం ఇకనుంచి టైము చూసుకునే తీరిక దొరుకుతుంది” అన్నాడు, బల్ల చుట్టూ నవ్వు, ఆ నవ్వులో తన నవ్వు కూడా కలిసింది, అందరికన్నా అర క్షణం ఆలస్యంగా కలిసింది గాని కలిసింది, ఆ నవ్వుని ఇప్పుడు వెనక్కి తీసుకెళ్లి గొంతులో కుక్కుకుందామంటే పట్టడంలేదు.

కోర్ ఆంగ్లే అంటే సన్నాయికి పెద్దక్కలాంటిది, రెండు మూరల నల్లకర్ర గొట్టం, అడుగున ఉల్లిగడ్డంత బుడిపె, గొంతు మాత్రం పెళ్లిపందిట్లో అక్కది కాదు, అందరూ వెళ్లిపోయాక అంట్లు తోముతూ తనలో తాను పాడుకునే మేనత్తది. పంతొమ్మిదేళ్లప్పుడు క్లెమ్ ఆ గొంతు మొదటిసారి విన్నది ఇక్కడే, ఇదే హాల్లో, చంకలో రెండు కుర్చీలతో. సామాను మోసే ఉద్యోగం. ఎనభై కుర్చీలు, ఎనభై స్టాండ్లు, హార్పు, డప్పులు, పొద్దున్న ఆరింటికొస్తే పదింటిదాకా నడుం ఎత్తే పని లేదు, ఎవరి కుర్చీ ఎంత ఎత్తో, ఎవరికి ఎడమకాలి కింద అట్టముక్క కావాలో, ఏ ఇద్దరు వయొలిన్లు ఒకే వీధిలో ఉంటూ మాట్లాడుకోరో, అన్నీ చేతులకే తెలిసేవి, బుర్రదాకా పోనవసరం లేకుండానే. అప్పుడు విల్ఫ్ ముప్ఫై ఏళ్లవాడు, వాయిద్యం మూతికి పెట్టే నోటిపుల్లను చప్పరిస్తూ అబద్ధాలు చెప్పేవాడు, అబద్ధాలంటే మామూలు అబద్ధాలా, పక్కన పెట్టుకుని నిద్రపోవాలనిపించే అబద్ధాలు. “కరెంటు కోతల శీతాకాలం తెల్సా నీకు? మన ఆల్బర్ట్ లేడూ, ట్యూబా ఆల్బర్ట్, ఆయన ట్యూబా గొట్టంలో పిల్లి దూరి నాలుగు కూనల్ని పెట్టింది. వాయించకపోతే ఉద్యోగం పోద్ది, వాయిస్తే పిల్లి లేస్తది. రెండుగంటల కచేరీ అంతా వాయించాడ్రా, ఒక్క కూన కళ్లు తెరవలా!” “అప్పుడే పుట్టిన కూనలు ఎలాగూ కళ్లు తెరవవు కదా?” అని అడిగాడు క్లెమ్. విల్ఫ్ నోటిపుల్ల తీసి దానివంకే జాలిగా చూశాడు. “అందుకేరా నిన్ను కుర్చీలెయ్యమన్నారు.” అక్కణ్ణుంచి వాడి పేరు కుర్చీలు. లైబ్రరీలో స్వరాల కాగితాలు సర్దే పనికి ఎక్కినా కుర్చీలే, ఆర్కెస్ట్రా మేనేజరయినా కుర్చీలే. చీఫ్ ఎగ్జిక్యూటివ్ అయిన రోజు మటుకు ఎవరూ అలా పిలవలేదు, మిస్టర్ ఓల్డ్‌రాయిడ్ అన్నారు, ఆ రోజు అదేదో గౌరవమనుకుని మురిసిపోయాడు, తలుపు మూసుకుంటున్న చప్పుడని తెలియలేదు.

ఆ రోజుల్లోనే నేర్చుకున్నాడు బూట్ల సంగతి కూడా. వేదిక మీద అందరి చేతుల్లో వాయిద్యాలుంటాయి, చప్పట్లు కొట్టే వీల్లేదు, తోటివాడెవడైనా ఒంటరిగా వాయించిన ముక్క బాగుంటే తలెత్తకుండా బూట్లు నేలకి రుద్దుతారు, గరగరమని, పిట్టగోడ మీద పిల్లి గోళ్లు నూరుకున్నట్టు. బయట జనం లేచి నిలబడి అరిచినా లెక్కచెయ్యని మొనగాళ్లు ఆ గరగర కోసం ప్రాణం పెడతారు. విల్ఫ్‌కి ఆ చప్పుడు జీతంలాగే ఠంచనుగా వచ్చేది. క్లెమ్‌కి ముప్ఫై మూడేళ్లలో ఒక్క బూటూ కదల్లేదు, కదలడానికి తను ఏం వాయించాడని, చీఫ్ ఎగ్జిక్యూటివ్ అంటే ఏమిటి, ఎనభైమంది వాయిస్తుంటే వాయించకుండా కూర్చునేవాడు, మేయరు భార్యకి సీటు మార్చేవాడు, కండక్టర్‌కి గొంతు నొప్పయితే సూప్ పంపేవాడు, వాడిమీద వీడు వీడిమీద వాడు మోసుకొచ్చే చాడీలకి చెత్తబుట్ట, అంతే కదా, దానికోసమా ఇంతదూరం ఎక్కాను, ఇంత ఎక్కి చేస్తున్నదేమిటి, నాకు పేరు పెట్టినవాడి పేరు కొట్టేయడమా.

రాత్రి వాయించబోయే సింఫనీలో మొదటి భాగం ఇంకా నడుస్తోంది. అందులో కోర్ ఆంగ్లేకి ఒక్క స్వరం కూడా లేదు, ఇరవై నిమిషాలు విల్ఫ్ ఊరికే కూర్చోవాలి, గాలివాయిద్యాల వరసలో, వెనకవైపు, సామాను తలుపుకి వీపుపెట్టి. ఏం చేస్తున్నాడో చూడు, వాయిద్యాన్ని కోటు లోపల దూర్చి చంకలో పెట్టుకున్నాడు, గుడ్లమీద పొదుగుతున్న కోడిలా వంగి కూర్చున్నాడు, కండక్టర్ చూస్తే ఏమనుకుంటాడు, ముసలాడికి మతి కూడా పోయిందనుకోడూ, కొంచెం నిటారుగా కూర్చోవయ్యా విల్ఫ్, నీ పరువు నువ్వే తీసుకుంటే నేనేం చెయ్యను. ఇప్పుడు కోపం విల్ఫ్ మీదికి మళ్లింది. వీడెందుకు ముసలాడవ్వాలి. అయినవాడు తిన్నగా వచ్చి, క్లెమ్, నావల్ల కావట్లేదు, అని ఒక్క మాట అనొచ్చుగా, ఈ కవరు బాధ తప్పేదిగా. మూడువారాల కింద క్యాంటీన్‌లో తనే పక్కన కూర్చుని అడిగాడు కూడా. “ఏం విల్ఫ్, ఒంట్లో బాగుంటోందా?” “ఒంట్లో బాగానే ఉంది. బిల్డింగులోనే బాలేదు.” “అంటే?” “అంటే ఏముంది. నువ్వు పైన కూర్చుంటావ్, నీకు వెచ్చగానే ఉంటది.” అని టీ తాగేసి లేచిపోయాడు. ఆ మాటని పుల్లవిరుపు కింద జమకట్టాడు క్లెమ్. ఆర్కెస్ట్రా వాళ్ల సణుగుడు పట్టించుకుంటే ఉద్యోగం చెయ్యలేం, వేదిక ఎత్తంటారు, దీపం కళ్లలోకొస్తోందంటారు, జూన్‌లో కూడా చలేస్తోందంటారు, అదో జాతి. విల్ఫ్ సణిగే రకం కాదే, అని ఎక్కడో చిన్న పురుగు కదిలింది, దాన్ని చిటికెనవేలితో నలిపేశాడు, గడియారం చూసుకున్నాడు, పదీ నలభై.

రెండో భాగం. నిదానం. తీగవాయిద్యాలన్నీ ఊపిరి బిగబట్టినట్టు ఒకే స్వరం మీద నిలబడ్డాయి, ఆ నిశ్శబ్దం లాంటి చప్పుడులోకి కోర్ ఆంగ్లే ఒక్కటే నడిచి రావాలి, రాత్రి ఈ సీట్లు నింపే పదిహేనువందల మందీ వచ్చేది ఆ నడక కోసమే. విల్ఫ్ కోటు తెరిచి వాయిద్యం తీశాడు, పెదాల మధ్య పెట్టుకున్నాడు, వచ్చింది, వస్తూనే ఒక మెట్టు కింద కాలేసింది. పూర్తి మెట్టు కూడా కాదు, అరికాలు జారినంత, తెలియనివాడికి తెలియదు, తెలిసినవాడికి పన్ను కింద ఇసకరేణువు. కర్ర ఆగింది. “మిస్టర్ ట్యాటర్సల్. కింద.” “అవునండీ.” “మళ్లీ.” మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం తక్కువ జారింది, అయినా జారింది. “మిస్టర్ ట్యాటర్సల్, తీగలు పైనున్నాయి. మీరు కింది అంతస్తులో ఉన్నారు. దయచేసి మెట్లెక్కి రండి.” ఎవరూ నవ్వలేదు. ఎనభైమందిలో ఒక్కరూ నవ్వలేదు, బోర్డురూములో నవ్వినట్టు ఒక్కరూ నవ్వలేదు. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి, అరవై మూడేళ్ల చెవులు, ఏడో వరసకి కనిపించేంత ఎరుపు. మూడోసారి ఊదాడు. సరిగ్గా ఉంది. సూదిలో దారం దూరినంత సరిగ్గా ఉంది, మేనత్త వంటింట్లోంచి బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది, క్లెమ్ వీపు మీద వెంట్రుకలు లేచాయి. “చూశారా,” అన్నాడు కండక్టర్, “తలుచుకుంటే వస్తుంది. తలుచుకోవడం లేదు.”

తలుచుకుంటే వస్తుందట. గూబ గుయ్యిమనేలా ఇస్తే అదీ వస్తుంది, తలుచుకోవడంలేదు, అనుకున్నాడు క్లెమ్, పళ్లు కొరుక్కున్నాడు, అనుకుంటూనే ఏదో ఒకటి తట్టుకుని ఆగాడు, మూడోసారి ఎందుకు సరిగ్గా ఉంది, చెవులు పోయినవాడికి మూడోసారి మాత్రం చెవులెక్కణ్ణుంచి వస్తాయి. మొదటిసారి బాగా కింద, రెండోసారి కొంచెం కింద, మూడోసారి సరి. ఈ లెక్క ఎక్కడో చూశాడు. బుర్ర కాదు, చేతులు చూశాయి. కాళ్ల దగ్గర చల్లగా ఏదో పాకుతోంది, పొద్దుటినుంచీ పాకుతోంది, బూటుకీ మేజోడుకీ మధ్య సన్నటి కత్తిలాంటి గాలి, అది హాలు తలుపులోంచి రావడంలేదు, ఎదుటినుంచి వస్తోంది, వేదిక మీంచి, విల్ఫ్ వెనకనుంచి, హార్పులూ డప్పులూ లోపలికి తెచ్చే ఆ ఏనుగంత సామాను తలుపు కిందినుంచి, అక్కడ బెత్తెడు సందు ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఆ తలుపు తొలిరోజునే వంకరగా బిగించారు, అందుకే పొద్దున్నే వచ్చినవాడు హార్పు పాత ముసుగుని, దళసరి కంబళి లాంటిదాన్ని, చుట్టచుట్టి ఆ సందులో కుక్కాలి. ఎవరు కుక్కాలి. పొద్దున్న ఆరు గంటల డ్యూటీ వాడు. బాయిలర్ ఎవరు అంటించాలి. ఆరు గంటల డ్యూటీ వాడు. కర్రవాయిద్యాల పెట్టెలన్నీ గోడవారన వేడిగొట్టాల పక్క బల్లమీద, మీద కాదురా పక్కన, మీద పెడితే కర్ర పగులుద్ది, పక్కన పెడితే ప్రాణం పోసుకుంటది, ఆ మాట ఎవరన్నారు, విల్ఫే అన్నాడు, నేర్పిందే వాడు: “చలికి తీగలు బిగుసుకుని పైకిపోతాయిరా కుర్చీలూ, గొట్టాల్లో గాలేమో చల్లబడి శ్రుతిని కిందికి లాగుద్ది. మొదటి ఊపిరి చలికి, రెండోది కర్రకి, మూడోదే నాకు దక్కేది. నువ్వు పెట్టె వెచ్చగా ఉంచావనుకో, మొదటిదే నాకు దక్కుద్ది.” పదకొండేళ్లు ప్రతి పొద్దున్నా ఆ మొదటి ఊపిరిని తనే కాచి ఉంచాడు. తోటివాళ్లు విల్ఫ్‌కి బూట్లు రుద్దారు. ఆ గరగరలో తనకీ వాటా ఉందని అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసి ఏం లాభం.

ఆ డ్యూటీ తీసేసింది ఎవరు. అడుగు, గట్టిగా అడుగు, క్లెమెంట్ ఓల్డ్‌రాయిడ్. ఏడాదిన్నర కింద, సెప్టెంబరులో, పైగదిలో, వెచ్చటి గదిలో, ఖర్చుల కాగితం మీద ఒక్క గీత. పదింటికి రిహార్సలయితే ఆరింటికి మనిషెందుకు, ఎనిమిదిన్నరకి వస్తే చాలు, బాయిలర్ కూడా అప్పుడే అంటించొచ్చు, అని ఒక్క గీత గీస్తే బోర్డువాళ్లు భుజం తట్టారు. హాలు ఊడ్చే ఎడ్నా పిక్‌లిస్ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది: “ఆరు గంటల డ్యూటీ తీసేస్తే చలి కూడా ఎనిమిదిన్నరకే వస్తదనుకున్నారా దొరగారూ?” ఒకప్పుడు ఒరే అని పిలిచి రొట్టెముక్క పెట్టిన మనిషి దొరగారూ అనేసరికి, ఆ గారూలోని పులుపుకే ఒళ్లు మండి, మాటలోని మందు తాగలేదు. మొదటి ఉత్తరం ఎప్పుడొచ్చింది, ఆ తర్వాత రెండు నెలలకి, నవంబరులో. ఏప్రిల్లో ఉత్తరం ఉందా, లేదు. జులైలో, లేదు. మొన్న సెప్టెంబరులో ఇదే వేదిక మీద విల్ఫ్ వాయిస్తే ఇదే మఫ్లరుగాడు లేపి నిలబెట్టి జనానికి చూపించాడు. ముసలితనమట, వేసవిలో పోయి శీతాకాలంలో వచ్చే ముసలితనం ఏ ఊళ్లోనైనా ఉందా. అదేమైనా కొంగా. ఉత్తరాల మీద తేదీలున్నాయి, తనే ఫైలు చేశాడు, వేదిక పక్కనే పెరిగినవాడు, ఈ గాలి ఎటు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినవాడు, చూడలేదు. కండక్టర్‌కి తెలియకపోవచ్చు, విమానంలో బతికేవాడికి తలుపు సందులేం తెలుస్తాయి. సర్ గైల్స్‌కి తెలియకపోవచ్చు. ఈ భూమ్మీద తెలిసిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఒక్కడే ఒక్కడు, వాడే గీత గీశాడు, వాడే నవ్వాడు, వాడే సంతకం పెట్టాడు. మరి విల్ఫ్ ఎందుకు నోరు విప్పలేదు. చలి అనడమంటే చేతకాదనడం, గాలివాయిద్యం వాడు చచ్చినా అనడు. అన్నాడు కదా. బిల్డింగులో బాలేదన్నాడు. ఇంకా ఎలా అనాలి, పాడి వినిపించాలా.

లేచాడు. ఎప్పుడు లేచాడో తెలియదు, సీటు టప్పుమని మడుచుకున్న చప్పుడుకి తెలిసింది. రిహార్సల్ నడుస్తుంటే చీఫ్ ఎగ్జిక్యూటివ్ వేదిక ఎక్కడు, రాజుగారు వంటింట్లోకి రానట్టు, అది ఎక్కడా రాసిలేని శాసనం, పక్క మెట్లు ఎక్కాడు, చెల్లో వరస మధ్యనుంచి నడిచాడు, తీగల మీద విల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఆఖరికి కర్ర కూడా ఆగింది.

“మిస్టర్ ఓల్డ్‌రాయిడ్?”

“ఆపండి. హాలు వెచ్చబడేదాకా రిహార్సల్ లేదు.”

“ఇంకా విరామం కాలేదు. నా సమయం...”

“మీకు మఫ్లరుంది. ఈయన వాయిద్యానికి లేదు.” గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది, ఆ ఖాళీ హాలు దాన్ని ఇంకా పెద్దది చేసి వెనక్కి ఇచ్చింది. “ఆయన చెవులు బాగానే ఉన్నాయండీ. పోయినవి నావి. ఈ చలి నేను పెట్టింది. అందరూ వినండి, నేనే పెట్టాను. ఏడాదిన్నరగా ఈయన శ్రుతి కిందికి దించింది నేనే.”

సామాను గది అలమారలో పై అరలో హార్పు ముసుగు అలాగే ఉంది, దుమ్ముతో, పాత వాసనతో, మడత కూడా ఒకప్పుడు తను పెట్టే మడతే. తెచ్చి చుట్టచుట్టి తలుపు దగ్గర మోకాళ్లేశాడు, మీటింగు సూటుతో, టై నేలమీద ఈడ్చుకుంటుంటే, కుడివైపు నుంచి కుక్కుకుంటూ వచ్చాడు, యాభై రెండేళ్ల మోకాళ్లు రెండూ ఒకేసారి పటపటమన్నాయి, చేతులకి మాత్రం అన్నీ గుర్తున్నాయి. వెనకనుంచి విల్ఫ్ గొంతు వినబడింది, కుర్చీలోంచి లేవకుండా తల మాత్రం తిప్పి.

“ఎడమ మూల మిగిలిపోయింది.”

నిజమే. ముసుగు అక్కడిదాకా రాదు, ఎప్పుడూ రాదు, ఆ నాలుగు వేళ్ల సందుకి అట్టముక్కో ఏదో కావాలి. జేబు తడుముకున్నాడు. కవరు తీశాడు, రెండు మడతలు పెట్టాడు, మళ్లీ రెండు, మంచి దళసరి కాగితం, బోర్డు ముద్ర వేసిన కాగితం, సందులో పెట్టి అరచేత్తో దట్టించాడు. కాళ్ల దగ్గరి కత్తి ఆగిపోయింది.

“దానిమీద నా పేరుంది,” అన్నాడు విల్ఫ్.

“ఉంది.”

“నిన్న రాశావా ఇవాళా?”

“ఇవాళ పొద్దున్న.”

విల్ఫ్ వాయిద్యాన్ని మళ్లీ కోటు లోపల దూర్చుకుని గుండీ పెట్టుకున్నాడు, క్లెమ్ మొహంలోకి చూడలేదు. “క్షమించమని అడగబాక. ఇప్పుడు కుదరదు. రిటైరయ్యాక చూద్దాం, రెండేళ్లున్నాయ్.” నోటిపుల్ల నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు. “ఇంకా నిలబడ్డావేం కుర్చీలూ, బాయిలర్ ఎవరు ఎగదొయ్యాలి, మీ తాతా?”

బాయిలర్ గదికి ఇరవై రెండు మెట్లు, లెక్కపెట్టనక్కర్లేదు, కాళ్లకి తెలుసు. రేపు సర్ గైల్స్ ఏమంటాడో, ఎల్లుండి పైగదిలో ఎవరు కూర్చుంటారో, అది రేపటి సంగతి, ఇప్పుడు చేతులకి మసి కావాలి. నాలుగు మెట్లు దిగాడో లేదో పైన వేదిక పలకల మీద చప్పుడు మొదలైంది, ముందు ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత ఎంతమందో, బూట్లు నేలకి రుద్దుతున్నారు, గరగర, గరగర. చలికి కాళ్లు రుద్దుకుంటున్నారేమో. అంతే అయ్యుంటుంది, చలి మరీ దారుణంగా ఉంది, ఎవడో పనికిమాలినవాడు ఆరు గంటల డ్యూటీ తీసేశాడు. క్లెమ్ ఒక్క క్షణం ఆగి విన్నాడు, తిట్టుకున్నాడు, మిగతా మెట్లు రెండేసి చొప్పున దిగాడు.